పోగు కనబడేంత పెద్దగా

“తగ్గించాను గానీ తీసెయ్యలేదుగా వదినా,” అన్నాడు మరిది, మూడోసారి.

“తగ్గించడం, తీసెయ్యడం నీకు వేరువేరు. నాకు రెండూ ఒకటే,” అంది కోడలు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

ఆదివారం. పదకొండు దాటింది. భోజనాల బల్ల మీద కంచాలుండాల్సిన చోట మరిది కంప్యూటరు ఉంది. వదినా మరుదులు దాని ముందు కూర్చున్నారు. ఆమె భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో, చేతిలో వారపత్రికతో, చదువుతున్నట్టు కూర్చుంది. పేజీ తిప్పి అరగంటయింది.

తెర మీద మ్యూజియం వాళ్ళ ఉత్తరం తెరిచే ఉంది. నిన్న సాయంత్రం వచ్చింది. ఈపాటికి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది.

‘మీరు పంపిన ఫొటోలలో బట్ట మాత్రమే కనిపిస్తున్నది. రఫూ చేసిన చోటు కనిపించుట లేదు. పొడవు వైపు కనీసం మూడు వేల పిక్సెళ్ళు ఉన్న ఫొటోలు ఆరు, ఆదివారం సాయంత్రం అయిదు గంటల లోపు పంపగలరు.’

కనిపించకపోవడమే రఫూ. పదకొండేళ్ళుగా ఆమె వంటింటి కిటికీ పక్కన కూర్చుని, ఊళ్ళోవాళ్ళ కోట్లకీ స్వెట్టర్లకీ పడిన చిల్లులు, అక్కడొక చిల్లు ఉండేదని వాళ్ళకే అనుమానం వచ్చేలా పూడుస్తోంది. పాత వస్త్రాల మ్యూజియంలో బట్టలు బాగుచేసే గది ఒకటుంటుందనీ, అందులో పని నేర్పి తర్వాత ఉద్యోగంలోకి తీసుకుంటారనీ ఆమెకి తెలిసింది పోయిన నెలలోనే. అప్పటినుంచీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఆ గది గురించే ఆలోచిస్తోంది. రెండొందల ఏళ్ళ నాటి పోగు పట్టుకుంటే ఎలా ఉంటుంది? తెగుతుందా, పొడి అవుతుందా? తీసుకునేది ఇద్దరినే.

“నాలుగొందల పన్నెండు ఫొటోలు,” అంది ఆమె. “ఒక్కటైనా పెద్దది లేదా?”

“నీ ఫోను నిండిపోయిందంటే నేనే కదా ఇందులోకి ఎక్కించి ఫోను ఖాళీ చేశాను. నీ రఫూ పేజీలో పెట్టడానికి చిన్నవి కావాలి. ఫోల్డరు మొత్తం ఒక్క నొక్కు నొక్కాను. వెడల్పు ఎనిమిది వందలు, అదే పేరు, అదే చోటు. పెద్దవాటి స్థానంలో చిన్నవి వచ్చి కూర్చున్నాయి.”

“అదే చోటు ఎందుకు?”

“అలవాటు వదినా. మా ఆఫీసులో అలాగే చేస్తాం.”

మరిది పని ఆన్‌లైన్‌లో చెప్పులు అమ్మే కంపెనీలో. రోజుకి ఆరేడు వందల చెప్పుల ఫొటోలు చిన్నవి చేస్తాడు. అక్కడ ఫొటోలు తీసే అతను అసలువన్నీ తన దగ్గర విడిగా దాస్తాడు. ఇంట్లో ఆ దాచే మనిషి లేడన్న సంగతి మరిదికి తట్టలేదు.

“చెప్పుకి పెద్ద ఫొటో అక్కర్లేదులే,” అన్నాడు భర్త గోడ దగ్గర్నుంచి. “కాలికి పట్టకపోతే తిప్పి పంపిస్తారు.”

“అన్నయ్యా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?”

“నేను ఊరుకునే ఉన్నాను. లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళి, లోపల మనుషులు ఇరుక్కుపోయినప్పుడు కూడా నేను ఇలాగే నిలబడి ఆలోచిస్తాను.”

“వాళ్ళు బయటికొస్తారా మరి?” అంది అత్తగారు పత్రికలోంచి తల ఎత్తకుండానే.

ఎవరూ నవ్వలేదు గానీ, గదిలో గాలి కాస్త కదిలినట్టయింది.

అత్తగారు లేచింది. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. అక్కడ అందరూ ప్రూఫమ్మ అనేవారు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా భూతద్దం జేబురుమాలులా ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. కంప్యూటరు ముందుకొచ్చి, తెర మీదున్న నీలం స్వెట్టరు మీద భూతద్దం పెట్టి వంగింది.

చాలాసేపు చూసింది.

“చిన్నోడా, ఇదేమిట్రా? ఎర్ర గీతలు, పచ్చ గీతలు, నీలం గీతలు కనబడుతున్నాయి. పోగులేవీ?”

“అది తెరమ్మా. నువ్వు ఫొటో చూడట్లేదు, తెర తయారీ చూస్తున్నావు.”

“అలాగా.” ఆమెకి కోపం రాలేదు. ఆసక్తి పెరిగింది. అద్దం దగ్గరికీ దూరానికీ జరిపింది. “మరి ఆ పోగులు ఎక్కడికి పోయాయంటావు?”

మరిదికి ఊపిరి వచ్చింది. నింద కాకుండా ప్రశ్న అడిగిన మొదటి మనిషి అమ్మే. “చూడు. మొదట ఫొటో వెడల్పు నాలుగు వేల చుక్కలు. దాన్ని ఎనిమిది వందలకి కుదించాను. అంటే అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం పాతిక చుక్కల్ని కలిపి ఒక్క చుక్క చేస్తుంది. పాతికలోనూ ఉన్న రంగు సగటు తీసి అందులో వేస్తుంది.”

“పాతికమంది మాట్లాడింది విని ఒక్క మాటలో చెప్పినట్టు.”

“అంతే అంతే.”

“ఆ ఒక్క మాట విని పాతికమందీ ఏమేమి అన్నారో తిరిగి చెప్పగలవా మరి?”

మరిది మౌసు మీదనుంచి చెయ్యి తీశాడు.

కోడలు అత్తగారి వైపు చూసింది. పెళ్ళయిన కొత్తలో ఈ భూతద్దమంటే ఆమెకి భయంగా ఉండేది.

“అదే భూతద్దంతో పోయిన వారం నువ్వు మన ఇంటి గ్రూపులో పెట్టిన కాగితం కూడా చూశానమ్మాయ్,” అంది అత్తగారు ఉన్నట్టుండి. “మ్యూజియం వాళ్ళ మొదటి ఉత్తరం. పైనంతా బాగానే ఉంది. అడుగున సన్నక్షరాల పంక్తి ఒకటి అలుక్కుపోయింది. ఏముంది అందులో?”

“ఏవో నియమాలు అత్తయ్యా. మామూలువే.” కోడలు తల తిప్పి కంప్యూటరు వైపు చూసింది.

“అసలు కాగితం ఉందిగా?”

“ఎక్కడో ఉంది. తీస్తాను.”

“గ్రూపులో ఫొటో పెడితే దానంతటదే చిన్నదైపోతుందమ్మా,” అన్నాడు మరిది, తప్పు తనది కాని చోట మాట్లాడే అవకాశం దొరికినందుకు. “ఫొటోలా కాకుండా ఫైలులా పంపాలి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వదినకి నేర్పిస్తాలే.”

“ముందు పని చూడు,” అంది కోడలు.

మధ్యాహ్నం ఒంటిగంటకి మరిదికి ఒక దారి దొరికింది. చిన్న ఫొటోని పెద్దది చేసే ప్రోగ్రాము. నీలం స్వెట్టరు ఫొటో అందులో వేశాడు. తెర మీద సన్నటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకింది. గీత దాటిన చోటల్లా మసక విడిపోయి ఊలు మీది నూగుతో సహా కనిపించసాగింది.

భర్త గోడ వదిలి ముందుకొచ్చాడు. “అబ్బ. ఇదిగో పోగులు. ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు.”

కోడలు కూడా వంగింది. ఒక క్షణం ఆమెకీ బాగానే అనిపించింది. తర్వాత ఆమె వేలు తెర మీద ఒక చోట ఆగింది.

“ఇది నేను కుట్టింది కాదు.”

“నీ స్వెట్టరేగా?”

“స్వెట్టరు అదే. కుట్టు నాది కాదు. చూడండి, అడ్డపోగులన్నీ నిలువు పోగుల మీదనుంచే పోతున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. పేక పడుగు కిందికి దిగకపోతే నేత ఎలా నిలుస్తుంది? దీన్ని చేత్తో పట్టుకుంటే ఊడి చేతిలోకొస్తుంది.”

“ఎవరు పట్టుకుంటారు, ఫొటోనేగా,” అన్నాడు భర్త.

మరిది ఇంకో ఫొటో వేసి చూశాడు. గోధుమరంగు కోటు. రఫూకి ముందు తీసింది. పురుగు కొట్టి మోచేతి దగ్గర బొటనవేలు పట్టేంత చిల్లు. గీత పాకింది. కోటు తేటగా, కొత్తగా బయటికొచ్చింది.

“చిల్లేది?” అంది అత్తగారు.

చిల్లు లేదు. ప్రోగ్రాము దాన్ని పూడ్చేసింది.

మరిది చెవులు ఎర్రబడ్డాయి. “అంటే... అది అక్కడ బట్ట ఉండాలనుకుని...”

“నాకంటే వేగంగా చేసింది,” అంది కోడలు. నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. “నాకు ఆ చిల్లుకి రెండు రోజులు పట్టింది.”

“ఇది వద్దు. స్వెట్టరు లాంటివి పంపుదాం,” అన్నాడు భర్త. “ఆరు ఏరండి. బాగా వచ్చినవి. నీ పని నువ్వు చేశావు, అది నిజమేగా? రుజువు పోయింది, అంతే. రుజువు మళ్ళీ తయారు చేసుకోవడంలో తప్పేముంది?”

“నా చెయ్యి చూసి పిలుస్తామంటున్నారు. ఇందులో ఉన్నది నా చెయ్యి కాదు.”

“చూసేవాళ్ళకి తెలుస్తుందా?”

“నాకు తెలిసింది ఎంతసేపట్లో? వాళ్ళు నాకంటే పని తెలిసినవాళ్ళు.”

“అయితే మానేద్దాం. వచ్చే ఏడు చూద్దాం.” అతని గొంతులో విసుగుంది. కింద ఇంకేదో కూడా ఉంది. మానేద్దాం అన్నప్పుడు అతని భుజాలు తేలికపడినట్టు కొంచెం కిందికి దిగాయి. కోడలు అది చూసింది.

అత్తగారు పత్రిక మడిచింది.

“ఒకసారి ప్రూఫులో అంకె మాసిపోయింది. మూలప్రతి తెప్పించుకునే టైము లేదు. ఊహించి దిద్దాను. డెబ్బై ఏళ్ళాయన వయసు నలభై అని పడింది. మర్నాడు ఆయన పది కాపీలు ఎక్కువ కొనుక్కెళ్ళాడు. పోట్లాటకి వచ్చింది ఆయన భార్య.” ఒక్క క్షణం ఆగింది. “ఆ తర్వాత నేనెప్పుడూ ఊహించలేదు. మూలప్రతి కావాలనే అడిగేదాన్ని.”

“మూలప్రతులు జనం ఇళ్ళల్లో ఉన్నాయి అత్తయ్యా. ఎవరి కోటు వాళ్ళు పట్టుకెళ్ళిపోయారు.”

“అందరూ బయటివాళ్ళేనా?”

కోడలు అత్తగారి వైపు చూసింది. తర్వాత లేచి ముందుగదిలోకి వెళ్ళి, కిటికీ కర్టెను పట్టుకుని కొక్కేలు ఊడదియ్యడం మొదలుపెట్టింది.

“అది ఎందుకు?” అన్నాడు మరిది.

“నువ్వు సైకిలు లోపలికి తెచ్చినప్పుడు బ్రేకుకి తట్టుకుని జానెడు చిరిగింది. నాలుగేళ్ళయింది.”

“నేనా? ఎక్కడ?”

“నువ్వే వెతుకు.”

అతను వెతికాడు. అన్నదమ్ములిద్దరూ వెతికారు. కర్టెనుని వెలుతురుకి పట్టి, తిప్పి, తడిమి చూశారు. చివరికి భూతద్దం గెలిచింది. అడుగంచుకి బెత్తెడు పైన, నేతలో నేతగా కలిసిపోయిన కుట్టు. వెనక్కి తిప్పితే మాత్రం పోగుల కొసలు చిన్న చిన్న మీసాల్లా నిలబడి ఉన్నాయి.

“ఈ దారం ఎక్కడ దొరికింది ఇంత సరిగ్గా?” అడిగింది అత్తగారు.

“కొనలేదు. దీని మడత అంచులోంచే లాగాను. ఏ బట్టకి చిల్లు పడితే ఆ బట్ట లోపలి పోగే కావాలి. బయటి దారం ఎంత మంచిదైనా ఒక ఉతుక్కి తేడా తెలిసిపోతుంది.”

ఆ తర్వాత ఇల్లంతా తిరగబడింది. ఆమె బీరువా తలుపు తీసి ఒక్కోటీ బయట పెడుతుంటే, ముగ్గురూ ఆమె వెనకే, ఈ ఇంట్లో తమకి తెలియకుండా ఏమేమి చిరిగాయో తెలుసుకునే ఆత్రంతో నిలబడ్డారు. మరిది మొదటి ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన ప్యాంటు. ముందురోజు ఇస్త్రీ చేస్తూ అత్తగారే కాల్చేసి, వాడికి చెప్పొద్దని కోడలి చేతిలో పెట్టింది.

“అమ్మా.”

“ఉద్యోగం వచ్చిందిగా. ఇప్పుడెందుకు ఆ గొడవ?”

అత్తగారి బూడిదరంగు శాలువా ఎలక కొట్టింది. ఆ సంగతి తెలిస్తే ఆవిడ శాలువా అవతల పారేస్తుందని కోడలు చెప్పలేదు. అత్తగారు శాలువా చేతిలోకి తీసుకుని, ఒకసారి వాసన చూసి, మళ్ళీ భుజాన వేసుకుంది.

తర్వాత కోడలు తన భర్త చలికోటు తీసింది. ముదురు నీలం ఊలు. కుడి చేతి అంచుకి కాస్త పైన వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ.”

“ఇది దేనికి పడింది?” అంది అత్తగారు, అద్దం పెడుతూ. “గుండ్రంగా ఉందే.”

“నిప్పురవ్వ అత్తయ్యా. ఆయన పని చేసే చోట వెల్డింగు ఉంటుందిగా.”

భర్త కోటు వైపు చూస్తున్నాడు. మూడేళ్ళ కిందట, భోజనాల బల్ల దగ్గర, అమ్మ చెయ్యి పట్టుకుని ఒక మాట ఇచ్చాడు. ఈ కోటు కొన్నది పోయిన చలికాలం.

“వెల్డింగు కాదమ్మా,” అన్నాడు. “సిగరెట్టు.”

అత్తగారు అద్దం తీయలేదు. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

“నీకు తెలుసా?” అని అడిగాడు భార్యని.

“చిల్లు వాసన చూస్తే తెలుస్తుంది.”

“అడగలేదే.”

“అడిగితే అబద్ధం చెప్పేవారు. అప్పుడు పూడ్చాల్సినవి రెండయ్యేవి.”

మరిది ఇక అక్కడ నిలబడలేక కర్టెను చుట్ట పట్టుకుని వరండాలోకి నడిచాడు. ఫొటోలు వెలుతురులో తియ్యాలి కదా అన్నాడు, ఎవరూ అడగకుండానే.

వరండాలో మరిది వేరే మనిషి. బల్లని ఎండకి అడ్డంగా తిప్పాడు. తెల్ల కాగితం ఒకటి అన్నయ్య చేతికిచ్చి, నీడ వైపు వెలుగు పడేలా పట్టుకోమన్నాడు. చెప్పు తోలు మీద గీరలు కనబడకుండా ఎలా తియ్యాలో అతనికి తెలుసు. ఇప్పుడు కనబడాలి. అందుకని తెలిసిందంతా తిరగేసి చేశాడు. వెలుగు పైనుంచి కాక పక్కనుంచి, బట్ట మీద పాకేలా.

“వదినా, ముందు వైపా, వెనక వైపా?”

ఆమె ఆలోచించింది. పదకొండేళ్ళలో ఏ గిరాకీకీ వెనక వైపు చూపించలేదు. “వెనక వైపు. కొసలతో సహా.”

అయిదు ఫొటోలు పూర్తయ్యాయి. కర్టెను, ప్యాంటు, శాలువా, కోటు, బల్ల మీది గుడ్డ. ఆరోది దొరకలేదు. మూడు యాభై అయింది. పరుపుల కింద కూడా చూశారు.

“నువ్వు మొట్టమొదట చేసిన రఫూ ఏదమ్మాయ్?” అంది అత్తగారు. కోటు దగ్గర ఆగిపోయిన గొంతు అప్పుడే మళ్ళీ బయటికొచ్చింది.

“అది చూపించేది కాదు అత్తయ్యా.”

“ఉందా, లేదా?”

కోడలు మరిది భుజం మీదున్న గుడ్డ లాగింది. రోజూ కంప్యూటరు తెర తుడుచుకునే గళ్ళ గుడ్డ. మధ్యలో గోరంత ఉండ. పోగులన్నీ ఒకదాన్నొకటి తోసుకుని, గుంపులో ఇరుక్కున్న మనుషుల్లా ఉన్నాయి. కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది.

“దీంతోనా నేను ఇన్నాళ్ళూ తుడుస్తున్నది?” అన్నాడు మరిది. “తెర మీద గీతలు ఎందుకు పడుతున్నాయా అనుకున్నాను.”

దాన్నీ ఫొటో తీశారు.

నాలుగూ ఇరవైకి అందరూ మళ్ళీ కంప్యూటరు దగ్గరున్నారు. మరిది ఆరు ఫొటోలూ ఒక ఫోల్డరులో పెట్టాడు. ఒక్కోటీ అయిదు వేల చుక్కల వెడల్పు. అతని చెయ్యి తనంతట తానే మౌసు మీద కదిలి, పైనున్న, ఫొటోలు కుదించే బొమ్మ దగ్గరికి వెళ్ళింది. చెప్పుల ఆఫీసులో రోజుకి ఆరేడు వందలసార్లు వెళ్ళే చోటు అది.

“ఏయ్,” అన్నాడు అన్నయ్య, తమ్ముడి చెయ్యి పట్టుకుని.

మరిది తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు. “వదినా, నువ్వు కూర్చో. నువ్వే పంపు.”

ఆమె కూర్చుంది. ఒక్కో ఫొటో వెళ్ళడానికి నిమిషం పైనే పట్టింది. నాలుగోది కోటు. అది సగంలో ఆగి, మళ్ళీ కదిలింది. ఆ కాసేపూ భార్యాభర్తలిద్దరూ తెరనే చూశారు, ఒకరినొకరు చూసుకోకుండా. నాలుగూ నలభైకి ‘అందినవి’ అని వచ్చింది.

“అమ్మయ్య,” అని మరిది టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

కోడలు లేవలేదు. సూదుల డబ్బా తెరిచి, అడుగునుంచి నాలుగు మడతల కాగితం తీసింది. బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. ఫోను పైకెత్తి ఫొటో తీసింది. వంటింటి వైపు తిరిగి, “అబ్బాయ్, ఫొటోలా కాకుండా ఫైలులా పంపాలంటే ఏది నొక్కాలి?” అని అడిగింది.

“పక్కన కాగితంలా ఉంటుంది చూడు, పిన్ను గుర్తు వెనక. అది.”

ఆమె నొక్కింది.

బల్ల మీద ఒక ఫోను మోగింది. భర్త జేబులో ఒకటి. వంటింట్లో ఒకటి.

అత్తగారు ఫోను తెరిచి, రెండు వేళ్ళతో కాగితాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఈసారి భూతద్దం అవసరం రాలేదు. అడుగునున్న సన్నక్షరాల పంక్తిని, ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు చదివిన గొంతుతో, ఎక్కడా తొణక్కుండా పైకి చదివింది.

“‘ఎంపికైనవారు శిక్షణ జరిగే ఎనిమిది నెలలూ మ్యూజియం వసతిగృహంలోనే నివసించవలెను.’”

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మరిది ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

“ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాడు భర్త.

“కవరు చింపిన రోజు నుంచీ.”

“చిన్నదిగా పెట్టింది తెలియకా?”

“తెలిసే. చిన్నదైతే ఆ పంక్తి చదవలేరని చూసుకునే పెట్టాను.”

అతని ఒళ్ళో కోటు ఉంది. వేలితో దాని చేతి అంచు వెతుకుతున్నాడు. రఫూ ఎక్కడుందో ఇప్పుడు కూడా వేలికి అందడం లేదు.

“నేను దాచింది చిల్లు,” అన్నాడు. “నువ్వు దాచింది ఎనిమిది నెలలు.”

“అవును.”

ఆమె కాగితాన్ని మళ్ళీ మడవలేదు. బల్ల మధ్యకి, అందరికీ కనబడేలా జరిపింది. అత్తగారి వైపు, మరిది వైపు చూసింది. చివరికి భర్త వైపు.

“పిలుస్తారో లేదో తెలీదు,” అంది మెల్లగా. “పిలిస్తే వెళ్తాను.”